నాన్నకి పాలే పడలేదు

అమ్మా,

పొయ్యి మీద కాచిన పాలు పిల్లలకి. నాన్నకి ఇవాళ్టి నుంచి చుక్క కూడా ఇవ్వకు. పెరుగు కొంచెం వేసి చూడు, పడితే మంచిదే. నువ్వు కుట్టుషాపు నుంచి వచ్చేదాకా ఆగుదామనుకున్నాను గానీ బస్సుకి టైమైపోతోంది.

కొత్త డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. నాన్నకి అల్సరు లేదట, పాలే అరగవట. "ఇది రోగం కాదమ్మా. పెద్దయ్యాక పాలు సరిగ్గా అరగనివాళ్లే లోకంలో ఎక్కువ. తరతరాలుగా పశువుల్ని మేపుకుని పాల మీద బతికినవాళ్లలోనే చాలామందికి ముసలితనం దాకా అరుగుతాయి" అంది.

మనమేమో కడుపుమంటకి పాలే మందన్న పాత డాక్టరు మాట పట్టుకుని పూటపూటా గ్లాసుడు పట్టించాం. దారి మధ్యలో నొప్పి వచ్చి బండి ఆపాల్సి వస్తోందని నాన్న లారీ నడపడమే మానుకున్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి, పోయే లారీల్ని చూస్తూ "పాల కోసమా నేను స్టీరింగు వదిలేసింది!" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను. మళ్లీ ఎక్కుదామంటే ఇప్పుడా వయసూ లేదు, ఆ కంటిచూపూ లేదు.

నిన్ను నువ్వు తిట్టుకోకు. మనకేం తెలుసు?

ఇంకో మాట. ఇదంతా నీకు చెప్పొద్దన్నాడు నాన్న. "చేతులారా కాచి ఇచ్చింది పిచ్చిది, తెలిస్తే కుమిలిపోతుంది. పాలంటే నాకే మొహం మొత్తిందని చెప్పు" అన్నాడు. నీతోనూ అదే అంటాడు, నమ్మినట్టే ఉండు. చదివాక చీటీ చింపెయ్.