బాల్కనీలో మిరపకాయలు

ఆదివారం రాత్రి, సూర్యలంక

పెళ్లయిన ఇన్నేళ్లకు మా ఆయన సముద్రానికి తీసుకొచ్చాడు. రిసార్టులో ఎండ బాగా పడే బాల్కనీ ఉన్న గదే కావాలని పట్టుబడితే, నా కోసమే అనుకుని మురిసిపోయాను. తీరా చూస్తే కారు డిక్కీలోంచి విత్తనానికి ఉంచిన మిరపకాయల బస్తా దించాడు. ఇంటి దగ్గర ఎవరి మీదా నమ్మకం లేదట. ఘాటుకి నేను తుమ్ముతూనే ఉన్నాను, బాల్కనీ నిండా పరిచేశాడు.

"నేనలా నీళ్లలో దిగొస్తా. పొద్దు వాలగానే ఎత్తెయ్, మంచు పడితే రంగు పోద్ది."

కాయలన్నీ ఎత్తేసరికి చీకటి పడింది. తడి తలతో వచ్చి, "నువ్వూ రావాల్సింది, నీళ్లు భలే ఉన్నాయి" అన్నాడు.

కాయలెత్తిన చేతులు కడుక్కోకుండానే, ముఖం తుడుచుకోమని తువ్వాలు అందించాను. కళ్లు మండుతున్నాయని ఇంకా దొర్లుతున్నాడు. సముద్రపు ఉప్పే అనుకుంటున్నాడు. అనుకోనీ.