వదిన కషాయం, నా పెరుగు

జూన్ 3
ఆయనకి ఫ్యాటీ లివర్. గ్రేడ్ టూ. రక్తపరీక్షలో లివర్ నంబర్, అదే ఎస్.జి.పి.టి., 96. నలభై దాటకూడదట. సెప్టెంబర్‌కల్లా యాభై లోపుకి దిగకపోతే లివర్‌లోకి సూది దింపి ముక్క తీసి చూడాలని డాక్టరమ్మ చెప్పారు. ఆయన బస్ డిపోలో టైమ్‌కీపర్, ముప్ఫై ఏళ్ళుగా కూర్చునే ఉన్నారు. చుక్క ముట్టనివాడికి లివర్ జబ్బేమిటి, ఎవడి రిపోర్టో నాకు అంటగట్టారు అని బయటికి వచ్చాక సణిగారు. సూది సంగతి గుర్తు చేశాను. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నారు.

జూన్ 4
పేగుల్లో కోటానుకోట్ల బాక్టీరియా ఉంటాయట, డాక్టరమ్మ చెప్పారు. వాటికి సరైన తిండి పెడితే పేగు గోడని కాపాడతాయి. పెట్టకపోతే గోడకి సందులు పడి, చెత్తంతా నేరుగా లివర్‌కి చేరుతుంది. పై వాటాలో బాత్రూం లీకైతే కింది వాటావాళ్ళ గోడ నానినట్టు. కాబట్టి ఆకుకూర, శనగలు, పెరుగు, గంట నడక. ఇన్నాళ్ళూ ఇద్దరికే వండుతున్నాననుకున్నాను.

జూన్ 7, ఉదయం 6.40
వదిన దిగింది. ఆయన అక్క, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. చిన్న సూట్‌కేసు, పెద్ద సంచి. సంచి నిండా ఎండిన నేల ఉసిరి, కషాయం కాచడానికి. మూడు నెలలుంటాను, వాడి లివర్ సంగతి నాకొదిలెయ్, నీ పెరుగూ గిరుగూ ఏ మూలకి అంది.

జూన్ 8
డాక్టరమ్మకి ఫోన్ చేశాను. నేల ఉసిరి పరీక్షలు ఎక్కువగా ఎలుకల మీదే జరిగాయి, మనుషుల సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు, కొన్ని మూలికలు లివర్‌నే దెబ్బతీస్తాయి, తాగి తీరతామంటే చాలా కొద్దిగా, నెలనెలా రక్తం చూపించి తాగండి అన్నారు. వదినకి చెప్పాను. ఎలుకలకి పనిచేసింది మా తమ్ముడికి పనిచేయదా అంది. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నారు.

జూన్ 10
ఒక చిక్కు వచ్చింది. రెండూ ఒకేసారి మొదలుపెడితే, నంబర్ తగ్గినప్పుడు దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది? దేనివల్లో నాకిప్పుడే తెలుసు అంది వదిన. చివరికి ఒక ఏర్పాటు చేశాను. ఆయనకి కషాయం, నా తిండి రెండూ. వదినకి కషాయం మాత్రమే, తిండి తన ఇష్టం. నాకు కషాయం లేదు, పెరుగూ పీచూ మాత్రమే. సెప్టెంబర్ 3న ముగ్గురం రక్తం ఇస్తాం. వదిన అప్పటికప్పుడే ఒప్పుకుంది. ఓడిపోయే అలవాటు లేదట.

జూన్ 19
ఆయన చొక్కా జేబులో బిస్కెట్ పొడి. రాసుకున్నాను.

జూలై 3
ఆయన 78. కషాయమే అంది వదిన. పెరుగు అన్నాను నేను. నడిచింది నేను కదా అన్నారు ఆయన. ఇద్దరం పట్టించుకోలేదు.

జూలై 22
ఆయనకి కషాయం చిన్న మూతతో కొలిచి పోస్తున్నాను. వదిన గ్లాసుతో తాగుతోంది. మూతలు పిరికివాళ్ళకట. మధ్యాహ్నం ప్లేటు నిండా వేయించిన బంగాళాదుంపలు ఖాళీ చేసి, ఇది తాగేవాళ్ళకి ఏం తిన్నా ఏమీ కాదమ్మాయ్ అంది. ఆయన ఆ ప్లేటు వంక చూసినట్టు పెళ్ళయిన కొత్తలో నా వంక కూడా చూడలేదు.

ఆగస్టు 3
ఆయన 59. బెల్టుకి కొత్త బెజ్జం పొడిపించారు. వదినా నేనూ వెలిగిపోతున్నాం, ఎవరి కారణం వాళ్ళది.

ఆగస్టు 24
వదిన పగలంతా పడుకుంటోంది. ముప్ఫై ఏళ్ళు బెల్లు కొట్టకముందే లేచాను, ఆ బాకీ నిద్ర ఇప్పుడు తీర్చుకుంటున్నా అంది.

సెప్టెంబర్ 4
ఆయన 43. సూది లేదు.
నేను 22.
వదిన 138.
ముందు నవ్వొచ్చింది. పేరు మళ్ళీ చూశాను. వదినే. ఆ తర్వాత నవ్వు రాలేదు. ఆవిడ ఆ కాగితాన్ని పిల్లల ఆన్సర్ షీట్‌లా దూరంగా పట్టుకుని చదివి, ల్యాబ్ వాడికి సున్నా అంది. మళ్ళీ రక్తం ఇచ్చాం. సాయంత్రం ఫోన్‌లో చెప్పారు. 141.

సెప్టెంబర్ 5
జూన్‌లో ఈవిడ నంబర్ ఎంత అని డాక్టరమ్మ అడిగారు. నా దగ్గర లేదు. ఆయన ఏ పూట ఎన్ని గరిటెల శనగలు తిన్నారో ఉంది. బిస్కెట్ పొడి ఉంది. మొదటి రోజు మేమిద్దరం రక్తమే ఇవ్వలేదు. జబ్బు ఆయనది కదా అనుకున్నాను. ఇప్పుడు కషాయం చెడగొట్టిందో, వేపుళ్ళో, లివర్ పదేళ్ళుగా అలాగే ఉందో చెప్పడానికి వీల్లేదు. ఆ కషాయంలో ఇంకేమైనా వేశారా అని డాక్టరమ్మ అడిగితే, వదిన బల్ల అంచు గీకుతూ, నా గ్లాసులో మాత్రం ఇంకో రెండు వేర్ల పొడి అంది. పేర్లు తెలియవట. వాసన మంచిదట.
కషాయం, పొడులు అన్నీ ఆపెయ్యాలట. నెలలో బాగా దిగకపోతే సూది వదినకే.
 బస్సు దిగేటప్పుడు వదిన నా మోచెయ్యి పట్టుకుంది. నాకేం భయం లేదమ్మాయ్, సూది సన్నదేనా అని అడిగింది.

సెప్టెంబర్ 6
వదిన పళ్ళెంలో ఆకుకూర, శనగలు, కప్పు పెరుగు. గడ్డి అంది. తింది. సాయంత్రం ఆయన వాళ్ళ అక్కని నడకకి తీసుకెళ్ళారు. చిన్నప్పుడు చెవి పట్టుకుని స్కూలుకి నడిపించేది, ఇవాళ నా వంతు అనుకున్నాను, చెవి మాత్రం అందనివ్వలేదు అని వచ్చి చెప్పారు.

సెప్టెంబర్ 7
రాత్రి లెక్క చూసుకుంటే తెలిసింది. మళ్ళీ అదే తప్పు. కషాయం ఆపడం, పెరుగు పెట్టడం ఒకే రోజు చేశాను. తగ్గినా దేనివల్లో తేలదు. దిద్దుకోవచ్చు, తిండి మార్చడం నెల ఆపితే సరి. దిద్దుకోను. తేలకపోతే పోనీ. తగ్గితే చాలు.

సెప్టెంబర్ 21
వదిన రెండో కప్పు పెరుగు అడిగింది. కప్పుని ఊరికే నా వైపు జరిపింది, అంతే.

అక్టోబర్ 5
వదిన 64. సూది అక్కర్లేదు.
కషాయం పని చేయడం నిదానంగా మొదలవుతుందని ఆవిడ మొదటినుంచీ చెబుతూనే ఉందట.
అవును వదినా అన్నాను.