బుడగలో దిగొచ్చే బొమ్మ

ఒరే అప్పన్నా,

తోర్వాలో మా ఇంట్లో టీవీ ముందు మనిద్దరం ఆడిన వీడియో గేముకి రెండో భాగం వచ్చింది. మొదటిదాన్ని నువ్వెంత తిట్టావు! "ఏటిరా ఈ ఏడుపు ఆట? నీ పుస్తకాల్లాగే ఉంది. రైలు గార్డు డ్యూటీలో నేను చూసిన చావులు చాలవేటి?" అన్నావు.

ఇది నీకు నచ్చేది. అన్నీ రంగులు, పాటలు, వెకిలి నవ్వులు. గోతిలో పడి చచ్చిన బొమ్మ కాసేపటికే బుడగలో ఊగుతూ దిగొస్తుంది. పసిపిల్లలకైనా ఇంత అబద్ధం చెప్పకూడదు. ఆడవచ్చా అని ఎవరైనా అడిగితే వద్దనే చెబుతాను.

ఇవాళ నీ సంవత్సరీకం భోజనం చేసొచ్చి, రెండో ఆటగాడిగా నీ బొమ్మను పెట్టుకుని కూర్చున్నాను. దాన్ని నేనే నాలుగుసార్లు గోతిలోకి తోశాను. నాలుగుసార్లూ నవ్వుతూ దిగొచ్చింది.

పనికిరాని ఆట. రేపు మళ్ళీ తోస్తాను.