ఎడమవైపు కిటికీ

ప్రియమైన తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఒక ప్రశ్న నన్ను ఏళ్ల తరబడి తొలుస్తోంది. చిన్నప్పుడు బస్సెక్కితే కిటికీ కోసం నువ్వూ నేనూ జుట్లు పట్టుకునేవాళ్లం. అమ్మ మాత్రం ఎప్పుడూ చివరన, నడిచే దారి పక్కనే కూర్చునేది. ఆమెకు కిటికీ అక్కర్లేదని మనకెవరు చెప్పారు?

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్లు ఒకరోజు మాట వింటాయి, ఒకరోజు వినవు. మీ బావ కొత్త కళ్లజోడు పెట్టుకుని పాత పేపర్లే చదువుతున్నారు. మీరు ముగ్గురూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

"అక్కా, నువ్వు మన ఇంటి సీట్ల జ్యోతిష్కురాలివి. మీ దగ్గరికి వచ్చేటప్పుడు ఏ వైపు కూర్చోమంటావు?" అని అడిగావు. విమానంలో రెక్క మీద వరసలు వద్దు, దారి పొడవునా రేకు తప్ప ఏమీ కనపడదు. బాగా ముందు గానీ, తోక దగ్గర గానీ తీసుకో. ఇంజన్‌కి సరిగ్గా వెనకైతే వేడిగాలికి కొండలు కూడా వణుకుతున్నట్టుంటాయి. మీరు బయల్దేరేది పొద్దున, ఉత్తరం వైపు. ఎండ కుడివైపు కొడుతుంది కాబట్టి ఎడమవైపు కూర్చోండి, కొండలూ అటే. కొన్ని వరసల్లో కిటికీ ఉండాల్సిన చోట ఒట్టి గోడ ఉంటుంది, అదీ చూసుకో. విమానం కిటికీ తెరుచుకోదనీ, చెయ్యి బయటపెట్టి ఊపే పని లేదనీ నా మేనకోడలికి ముందే చెప్పు.

"అమ్మకు కొండలు చూపించావు, నీ రుణం తీర్చుకోలేను" అని కూడా రాశావు. అక్కడికొచ్చేసరికి ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను.

నేను చూపించలేదురా.

అమ్మను ఇక్కడికి తీసుకొచ్చేటప్పుడు తోక దగ్గర ఇద్దరే కూర్చునే వరస ఏరికోరి తీసుకున్నాను. మోకాళ్ల కోసం మాటిమాటికీ లేవాలని అమ్మ దారి పక్కన కూర్చుంది. "కొండలు రాగానే పిలుస్తానమ్మా, చోటు మారదాం" అన్నాను. "నిద్రపోయినా లేపవే" అంది. భోజనాలయ్యాక కిటికీ తెరలు దించుకోమన్నారు. నేను మాత్రం జానెడు ఎత్తి, నుదురు అద్దానికి ఆనించి కూర్చున్నాను.

కొండలు వచ్చాయి. మడతలు మడతలుగా మంచు, చూపు ఆనినంత దూరం. వెనక్కి తిరిగాను. అమ్మ కళ్లు మూసుకుని ఉంది, కళ్లజోడు తియ్యకుండానే. ఈ శిఖరం దాటాక లేపుదాం అనుకున్నాను. ఆ తర్వాత ఇంకోటి. లేపితే ఇద్దరం బెల్టులు విప్పాలి, లేవాలి, ఆమె కుదురుకోవాలి. ఈలోగా నేను చూసేది పోతుంది. పాపం అలిసిపోయింది, పడుకోనీ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చివర్లో ఒక పచ్చటి సరస్సు, నడుమ చిన్న తెల్లటి దీవి. అది దాటాక అన్నీ మబ్బులే. అప్పుడు లేపాను.

"అయ్యో, కొండలు వెళ్లిపోయాయమ్మా!"

"పోనీలేవే. నువ్వు చూశావుగా, నేను చూసినట్టే."

ఆ తర్వాత ఆమె నీకు ఫోన్లో "చూశాను నాన్నా" అంటుంటే, నన్ను వెనకేసుకొస్తోంది కాబోలని సిగ్గేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. నీ ఉత్తరం వచ్చేదాకా అంతే అనుకున్నాను. "పచ్చటి నీళ్ల మధ్య దీవి, ఒలిచిన కోడిగుడ్డులా ఉందిరా అంది అమ్మ" అని రాశావు. ఆ సరస్సు సంగతి నేనెవరికీ చెప్పలేదు, మీ బావకు కూడా.

అంటే అమ్మ మేలుకునే ఉంది. నా భుజం మీదుగా, నేను మిగిల్చిన సందులోంచి చూసింది. నేను వెనక్కి తిరిగినప్పుడు కళ్లు మూసుకుంది. పిలవకుండా నేను మళ్లీ కిటికీవైపు తిరగడమూ ఆమెకు తెలిసే ఉంటుంది.

సెలవులయ్యాక అమ్మ మీతో వస్తుంది కదా. తిరుగు ప్రయాణంలో కొండలు కుడివైపు, మర్చిపోకు. కిటికీ ఆమెకివ్వు. "నాకెందుకురా" అంటుంది. నమ్మకు.

ఇప్పుడు పక్క గదిలో బట్టలు మడతపెడుతోంది. వెళ్లి "నాకు తెలిసిందమ్మా" అంటే వెంటనే ఏదో అని నా మనసు తేలిక చేసేస్తుంది. ఆ తేలిక కోసమే వెళ్తున్నానేమో. ఊరుకుంటే, ఆమె కూడా ఊరుకునే ఉంటుంది. వెళ్లాలో వద్దో ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు.

ఇట్లు,
కిటికీ వదలని మీ అక్క