దుప్పటికి పదిహేడు సెకన్లు

ఆగస్టు 4, సోమవారం

భోజనాల దగ్గర వదిన మళ్లీ మొదలుపెట్టింది. మూడేళ్లుగా చదువుతున్నావు కదా, ఆ బీబీఏలో అసలేం చెప్తారు అంది. తెలుసుకోవాలని అడిగితే అదో తీరు. వదిన అడిగేది అన్నయ్య ముందు నన్ను దులపడానికి. అయినా చెప్పాను. అకౌంటింగ్, మార్కెటింగ్, బిజినెస్ లా, హెచ్చార్, ఈ సెమిస్టర్‌లో ఆపరేషన్స్. ఒక్కొక్కటీ విడమరిచి చెప్పించుకుని, అంతా అయ్యాక, అంటే ఒకదాంట్లో అమ్మించడం, ఒకదాంట్లో పని చేయించడం, ఇంకోదాంట్లో తొందరగా చేయించడం, అంతేగా, చేసేది ఒక్కటీ లేదు, అన్నీ చేయించేవే అంది.

అన్నయ్య ఎప్పుడూ గోడమీద పిల్లి. ఇవాళ అటువైపు దూకి నవ్వాడు.

నరం లేని నాలుక అంటారు. వదిన నాలుకకి ఎముక కూడా ఉన్నట్టుంది, అంత గట్టిగా తగులుతుంది.

ఆగస్టు 6

ఆపరేషన్స్ సార్ ప్రాజెక్టు ఇచ్చారు. టైమ్ స్టడీ. పని జరిగే చోటికి వెళ్లి, స్టాప్‌వాచ్ పట్టుకుని, ఒక మనిషిని చూసి, ఆ పనికి ఎంత సమయం పట్టాలో తేల్చాలి. ఇరవై మార్కులు. క్లాసులో సగం మందికి నాన్నల ఫ్యాక్టరీలు, మావయ్యల గోడౌన్లు ఉన్నాయి. నాకున్నది వదిన పనిచేసే లాండ్రీ ఒక్కటే. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే చోటు.

వదినని అడగడం కంటే సున్నా తెచ్చుకోవడం మేలు.

ఆగస్టు 7

అడిగాను.

ఆగస్టు 11, సోమవారం

మేనేజర్ ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. రిపోర్టు కాపీ తనకీ ఇవ్వాలట. వదిన టేబుల్ చూపించి, ఈవిడని చూడు, తొమ్మిదేళ్ల అనుభవం అన్నాడు.

పొడుగాటి హాలు. ఇస్త్రీ రోలర్లోంచి దుప్పట్లు పొగలు కక్కుతూ వస్తాయి. ఎనిమిది మంది ఆడవాళ్లు నిలబడి మడతపెడతారు. నాలుగు మడతలు, పదేసి కట్టలు, ట్రాలీలోకి. గంటకి నూట ముప్పై చేయాలని రూలు. ఎవరైనా గమనిస్తుంటే పనివాళ్లు నిదానిస్తారని పుస్తకంలో ఉంది. నిజమే. నన్ను చూడగానే ఏడుగురూ పెళ్లినడక మొదలుపెట్టారు. చివరి టేబుల్ దగ్గరి కళ్లద్దాల పెద్దమ్మ అయితే ఒక్కో దుప్పటికీ ముప్పై సెకన్లు తీసుకుని నాకేసి నవ్వింది.

వదిన మాత్రం, నీ వాచీకి నేను భయపడతాననుకున్నావా అని అందరూ వినేలా అని, రెచ్చిపోయింది. నలభై దుప్పట్లు చూశాను. సగటున దుప్పటికి పదిహేడు సెకన్లు. అంచుకి అంచు ఒక్క వెంట్రుకంత తేడా లేదు. కట్ట పూర్తయినప్పుడల్లా తలెత్తి నా మొహం చూసేది.

ఆ చేతుల మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. అందుకు నాకు ఒళ్లు మండింది.

ఆగస్టు 13

ఈ లెక్కలో ఒక కిటుకు ఉంది. మనం చూసిన మనిషి మామూలు వేగంతో చేస్తే రేటింగ్ నూరు వేయాలి. అంతకన్నా చురుకైతే నూట పది, నూట ఇరవై, అలా. ఆ శాతంతో గుణిస్తేనే మిగతావాళ్లు కూడా అందుకోగలిగే సమయం వస్తుంది. వదినకి పెన్సిల్‌తో నూట నలభై వేశాను. విశ్రాంతికి పదిహేను శాతం కలిపితే దుప్పటికి ఇరవయ్యేడు సెకన్లు. గంటకి సుమారు నూట ముప్పై. అంటే ఇప్పుడున్న రూలే సరైనది.

అప్పుడే వదిన ఉతికిన బట్టలు పెట్టడానికి గదిలోకి వచ్చింది. కాగితాలు చూసి, కూర్చుని చూసినందుకు నీకు మార్కులు వేస్తారు సరే, నిలబడి చేసిన నాకేం వేస్తారు మేనేజరమ్మా అంది. జవాబు కోసం ఆగలేదు కూడా.

నేను వేస్తాను చూడు అనుకున్నాను. నూట నలభై చెరిపేసి నూరు వేశాను. మామూలు. ఈవిడ మామూలు కన్నా గొప్పదని నా చేత్తో నేను రాయాలా? చచ్చినా రాయను.

ఇప్పుడు దుప్పటికి ఇరవై సెకన్లు కూడా పట్టకూడదు. గంటకి నూట ఎనభై నాలుగు. కాగితం మీదేగా.

ఆగస్టు 22

ఇరవైకి ఇరవై! కవర్ పేజీ బాగుందన్నారు సార్. లోపల తిప్పినట్టు లేదు. మేనేజర్‌కి కాపీ ఇచ్చేశాను. అన్నయ్య మార్కుల కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. వదిన సాయంత్రం నాలుగుసార్లు ఫ్రిజ్ తెరిచింది, ఒక్కసారీ దానివైపు చూడలేదు.

సెప్టెంబర్ 1, సోమవారం

లాండ్రీలో ఇవాళ్టి నుంచి గంటకి నూట ఎనభై. నోటీసు బోర్డు మీద నా గ్రాఫ్, నా సంతకం, కాలేజీ ముద్ర. లెక్క ప్రకారం నూట ఎనభై నాలుగు రావాలి, మీ మీద దయతో నాలుగు వదిలేస్తున్నా అన్నాడట మేనేజర్. ఈ నెలాఖరుకి అందుకోలేనివాళ్లని తీసేస్తారట.

ఇదంతా అన్నయ్య చెప్పాడు. వదిన వస్తూనే పడుకుంది.

సెప్టెంబర్ 4

అక్కడ వదినతో ఎవరూ మాట్లాడటం లేదు. ఆడపడుచు ముందు షోకులు పోయి మా పొట్ట కొట్టావు అన్నారట. పక్కగదిలో వదిన అన్నయ్యతో చెబుతుంటే విన్నాను. వాళ్లన్నది నిజమే, నా పొగరే ఇంతమంది నెత్తిన పడింది అంటోంది.

వదిన తనని తాను తిట్టుకోవడం ఈ ఇంట్లో మొదటిసారి విన్నాను. నాకు పండగలా ఉండాలి కదా. లేదు.

సెప్టెంబర్ 9

కళ్లద్దాల పెద్దమ్మ గంటకి నూట పది దాటలేకపోతోంది. వదిన తన నూట ఎనభై పూర్తిచేసి, ఆపైన చేసినవి ఆవిడ ట్రాలీలో పడేస్తోందట. మణికట్టు వాచింది. సీసా మూత రాకపోతే అన్నయ్యని పిలిచింది. నేను పక్కనే ఉన్నాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

ముందు సార్ దగ్గరికి వెళ్లాను. రేటింగ్ తప్పు వేశాను, మార్కులు తీసేయండి, తప్పని ఒక కాగితం రాసివ్వండి అన్నాను. అప్పుడు చూశారు ఆ కాలమ్. అవును, తప్పే అన్నారు. మార్కులు అప్‌లోడ్ అయిపోయాయి, ఇప్పుడు కదిలిస్తే నాకూ మాట వస్తుంది, వదిలెయ్ అన్నారు. ఇదీ నా గురువు.

తర్వాత మేనేజర్. దిద్దిన లెక్క చూపించాను. విని, అద్దంలోంచి హాల్లోకి వేలు చూపించాడు. అదిగో మీ వదిన, రోజూ నూట ఎనభై చేస్తోందిగా, కుదరదంటావేం అన్నాడు.

వదిన చెయ్యి ఆగితే తప్ప నా మాటకి విలువ లేదు. చెయ్యి ఆగాలంటే వదినకి నిజం చెప్పాలి.

సెప్టెంబర్ 13, ఉదయం 6.40

చెప్పాను.

మణికట్టుకి గుడ్డ కట్టుకుంటోంది. తప్పు నీ పొగరుది కాదు, నాది అన్నాను. నీకు రాయాల్సింది నూట నలభై, కసితో నూరు రాశాను అన్నాను. చచ్చినా రాయనన్న అంకె నోటితో చెప్పాల్సి వచ్చింది.

ఎంతా అని మళ్లీ అడిగింది. నూట నలభై అన్నాను. చెంప మీద కొడుతుందని నిలబడ్డాను. కొడితే బాగుండేది. నేను ఆ ఏడుగురికీ ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పుకున్నాను అంది. ఆ తర్వాత, నువ్వు నిదానిస్తేనే మేనేజర్ నమ్ముతాడు వదినా అంటే, తొమ్మిదేళ్లలో ఒక్క గంట కూడా తక్కువ చేయలేదు నేను అంది. గుడ్డ కొసని పళ్లతో లాగి ముడేసుకుని వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 19

సోమవారం నుంచి వదిన గంటకి నూట ముప్పై. మిగతా ఏడుగురూ నూట ముప్పై. పెద్దమ్మకి తగ్గినవి మునుపటిలాగే తలా కాసిని వేస్తున్నారట. మేనేజర్ తన వాచీ పట్టుకుని వదిన వెనకే రెండు రోజులు నిలబడ్డాడట.

సెప్టెంబర్ 30

ఎవరినీ తీయలేదు. ఎనిమిది మందినీ తీసేస్తే దుప్పట్లు ఎవరు మడతపెడతారు, మేనేజరా? రూలు మళ్లీ నూట ముప్పై అయింది. పెద్దమ్మ ఉద్యోగం నిలిచింది.

వదిన ఒక్కదానికే మెమో ఇచ్చారు. చేయగలిగి చేయనిది ఆవిడే కదా.

అక్టోబర్ 1

వదిన మెమోని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ‘పనితీరు: మామూలు కన్నా తక్కువ.’ పక్కనే నా ఇరవైకి ఇరవై. నాది పీకేయబోతే, గుడ్డ కట్టిన చేత్తో దాన్ని తలుపుకి అదిమి పట్టింది. ఉండనీ అంది.

పద్దెనిమిది రోజుల్లో నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటే.