నా చెవే మీటరన్నాను

బొమ్మనహళ్ళి,
బుధవారం

సౌభాగ్యవతి వనజకు,

సుంకన్న రాసే ఉత్తరం. ముందు అందరి క్షేమం రాసి, ఆ తర్వాతే తక్కిన సంగతులు రాయాలని నీ అయిదో తరగతి పిల్లలకు నేర్పావట గదా, నేనూ ఆ పద్ధతి తప్పను. శిరీష క్షేమం. జిగణిలో కంపెనీ వాళ్ళు మన పిల్లను పగటి షిఫ్టుకు మార్చారు. ఆదివారం ఇంటికొచ్చి నాకు రెండు రోజులకు సరిపడా పులుసు చేసిపెట్టి, మళ్ళీ హాస్టల్‌కు పోతోంది. షాపు క్షేమం. నేను తొంభై పాళ్ళు క్షేమం. మిగతా పది పాళ్ళ సంగతి కింద రాస్తాను. పంతులమ్మవు కాబట్టి మధ్య పేజీలు వదిలేసి చివరి పేజీకి దూకవని నమ్ముతున్నా.

నీ ఉత్తరం సోమవారం అందింది. పోస్ట్‌మ్యాన్ నాకిస్తూ "ఏనప్పా, ఈ కాలంలో లవ్ లెటరా?" అని నవ్వాడు. అవునన్నాను. పిల్లలకు లేఖారచన పాఠం చెబుతూ నమూనా కోసం నాకే రాశావని, తేదీ వేయడం నువ్వే మరిచిపోతే రెండో వరుసలో పిల్ల పట్టుకుందని చదివి షాపులో ఒక్కణ్ణే పకపకా నవ్వాను. నలభై రెండేళ్ళకు ఉద్యోగం తెచ్చుకున్న టీచరమ్మకు తప్పు దిద్దే శిష్యురాలు దొరికింది, ఇంకేం కావాలి! చివరి పేజీ మాత్రం పిల్లలు ఇళ్ళకు పోయాక రాసిందని నీ దస్తూరీ చూస్తేనే తెలిసింది. దాన్ని నాలుగుసార్లు చదివాను. దానికి జవాబు రాయడానికే అసలు ఈ ఉత్తరం. వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టొచ్చు గానీ, ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు. నా జవాబు అందేదాకా ఏమీ చేయొద్దని శిరీష చేత నీకు మెసేజ్ పెట్టించాను. స్పీడ్ పోస్ట్‌లో వేస్తే శుక్రవారానికల్లా మడకశిర దాటి నీ స్కూలున్న ఊరు చేరుతుందన్నారు.

ముందు నువ్వడిగిన చిన్న ప్రశ్నలు. తింటున్నాను. మధ్యాహ్నం ఎదురు హోటల్లో రాగిముద్దా, బస్సారు పులుసూ. బీపీ మాత్ర వేసుకుంటున్నాను, నిన్న ఒక్కరోజు మరిచాను. పైన నీ ట్యూషన్ గదిలో బోర్డు అట్లాగే ఉంది. నువ్వు పోయిన రోజు రాసిన లెక్క తుడవడానికి నాకు చేయి రాలేదు.

మోత పెట్టే సైలెన్సర్ల మీద పోలీసులు పడ్డారని పేపర్లో చూసి, షాపు మూసేశావా అని అడిగావు. మూయలేదు. పైగా పని పెరిగింది. చట్టం కొత్తదేం కాదు వనజా. కంపెనీ సైలెన్సర్ పీకేసి ఊరు అదిరేది బిగించడం ఎప్పటి నుంచో తప్పే. పెద్ద బండికి ఎనభై డెసిబెల్స్ దాటకూడదని ఎప్పుడో రాసిపెట్టారు. ఆ కాగితం మన వీధి వరకు రాలేదన్నట్టు బతికింది నేనే. ఇప్పుడు పట్టుకుంటున్నారని, నేను బిగించిన వాటిని నా చేతే తీయించుకుని పాతవి వేయించుకోవడానికి వరసగా వస్తున్నారు. పాతవి ఎక్కడున్నాయంటావా? మన అటక మీదే. ఇనుప సామాను వాడికి వేసేస్తానంటే నువ్వు నన్ను తిట్టి, ఒక్కొక్కదాని మీద బండి నంబరు పెయింటుతో రాసి, పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టించావు గుర్తుందా? "పరాయి వాళ్ళ వస్తువు, ఎప్పుడో ఒకరోజు అడుగుతారు" అన్నావు. అప్పుడు నీకు పని లేదనుకున్నాను. నిన్నటికి ముప్పై ఒకటి ఎవరిది వాళ్ళకు అప్పజెప్పాను. ఒక్కటీ తారుమారు కాలేదు. నీ గుండ్రటి అంకెలు చూసిన ప్రతిసారీ నీకు మనసులో దణ్ణం పెట్టుకుంటున్నాను.

ఈ దారికి నేనెట్లా వచ్చానో చెప్పాలి. మహదేవపుర నుంచి లలిత్ అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయి వచ్చేవాడు, నువ్విచ్చిన మజ్జిగ తాగి "థ్యాంక్యూ ఆంటీ" అనేవాడు చూడు, అతను. వాళ్ళ అపార్ట్‌మెంట్ వాళ్ళు గొడవ పెట్టారని, సౌండ్ తగ్గించమని పోయిన నెల బండి తెచ్చాడు. సైలెన్సర్ లోపల చిల్లుల గొట్టం దూర్చి, వేడికి కాలని దూది చుట్టి, రెయిజ్ చేసి విన్నాను. ఇంట్లో ఫ్యాన్ తిరిగినంత మెత్తగా ఉంది.

"ఎనభై కూడా ల్యా. నిమ్మళంగా పోప్పా" అన్నాను.

"మీటర్ పెట్టి చెక్ చేద్దామా అన్నా? ఫోన్‌లో యాప్ ఉంది."

"నా చెవే మీటరు. ఇరవై నాలుగేండ్ల సర్వీసు దీనికి" అన్నాను.

ఆ అబ్బాయి నమ్మాడు. వారం తిరక్కుండానే ఔటర్ రింగ్ రోడ్డు మీద పట్టుబడ్డాడు. మా మెకానిక్ ఎనభై లోపలే ఉందన్నాడు సార్ అని నా పేరు చెప్పాడు. పోయిన గురువారం ట్రాఫిక్ ఎస్సై ఈ చుట్టుపక్కల మెకానిక్కులందరినీ, లలిత్‌ను బండితో సహా, మైదానానికి పిలిపించాడు. వెంకటరాయప్ప అని, కోలారు వైపు మనిషి, మన మాటే మాట్లాడతాడు. నేలమీద సున్నంతో గీత గీసి, ఏడున్నర మీటర్ల అవతల సౌండ్ కొలిచే మీటరు నిలబెట్టారు. పక్కనే హోసూరు రోడ్డు, బస్సుల రొద. బండి గీత మీదుగా పోతుంటే మీటరు ఎంత చూపిస్తుందో మాకు నేర్పించాలని ఆయన ఉద్దేశం.

"ఎవరప్పా ఈడ సుంకన్న? ఈ బండి ఎనభైలోపే ఉండాదని నువ్వు చెప్పినావంట?"

"చెప్పినా సార్. ఇప్పుడూ చెప్తాండా. కావాలంటే వెనక్కి తిరిగి నిలబడతా. ఏ బండి పోయినా చెవితోనే చెప్తా, మీరు మీటరులో చూసుకోండి."

ఎవరూ అడగలేదు వనజా. నా నోరే. పదిహేను మంది మెకానిక్కుల ముందు గొప్ప కొట్టుకోవాలనిపించింది. వీపు తిప్పి నిలబడ్డాను. లలిత్ బండి పోయింది. "ఎనభై, అంతే" అన్నాను. మీటరు తొంభై ఎనిమిది చూపించిందని కానిస్టేబుల్ అరిచి చెప్పాడు. అందరూ గొల్లుమన్నారు. నాకు రోషమొచ్చింది. ఇంకో బండి పంపమన్నాను.

నిలబడ్డాను. ఎంతసేపటికీ బండి రాలేదు. ఎండ మాడు మీద ఉంది.

"బండి పంపండి సార్, ఎంతసేపని నిలబడేది?" అన్నాను.

వెనక్కి తిరిగి చూస్తే, కంపెనీ సైలెన్సర్ ఉన్న మామూలు బండి ఒకటి గీతకు అవతల ఆగి ఉంది. నడిపిన కానిస్టేబుల్ దిగి హెల్మెట్ కూడా తీసేశాడు. అది నా వెనక నుంచి అటు పోయి, నేను పలకలేదని మళ్ళీ ఇటు వచ్చి ఆగిందట. ముందు ఇద్దరు ముగ్గురు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

వెంకటరాయప్ప నన్ను టీ బండి దగ్గరికి తీసుకుపోయాడు. టీ చేతికిచ్చి, నా ఎదురుగా నిలబడి, టోపీ తీశాడు. ఆయన ఎడమ చెవి వెనక చిక్కుడు గింజంత వినికిడి మిషన్ ఉంది.

"పదైదేండ్లు సిగ్నల్ కాడ నిలబడినా నేను. మా ఇంట్లో వాళ్ళు నాకు పొగరనుకున్న్యారు, పిలిస్తే పలకనని. చూపిచ్చుకో అప్పా. తడవు చేస్తే ఉండేది గూడా పోతాది."

"కేసు సంగతి సార్?" అన్నాను.

"కేసు కేసే. దానికీ దీనికీ ఏం సంబంధం ఉండాది?" అన్నాడు. అన్నట్టే రాశాడు కూడా. లలిత్ సైలెన్సర్ తీసేసుకున్నారు. అతను మాత్రం నా మీద ఒక్క మాట అనకుండా, "అన్నా, ముందు డాక్టర్ దగ్గరికి పో" అన్నాడు. తప్పు చేసినవాణ్ణి ఇంత మంది మన్నించి దారి చూపిస్తుంటే, నేను ఏ జన్మలో ఎవరికి ఏం మేలు చేశానో అనిపించింది.

శనివారం శిరీష సెలవు పెట్టి నన్ను వెంటబెట్టుకుపోయింది. ఫాతిమా అని చెవుల పరీక్ష చేసే డాక్టరమ్మ. గాజు గదిలో కూర్చోబెట్టి, కూత వినబడినప్పుడల్లా మీట నొక్కమంది. నేను మధ్య మధ్య అందాజుగా నొక్కాను. ఆమెకు తెలిసిపోయింది. "పరీక్షలో కాపీ కొట్టకూడదండీ" అని నవ్వింది. ఎడమ చెవి చాలావరకు పోయింది, కుడిది సగం ఉంది. ఇన్నేళ్ళు సైలెన్సర్ మూతి దగ్గర తల పెట్టి సౌండ్ సెట్ చేసిన ఫలితం. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు, మిషన్ పెడితే మాట తెలుస్తుంది అంది. ఇట్లా పోయేవాళ్ళకు ముందు సన్నని గొంతులే అందకుండా పోతాయట, ఆడవాళ్ళవీ పిల్లలవీ. ఫోన్‌లో అయితే మరీ కష్టమట. వనజా, లోకంలో ఇంత మోత ఉంటే, పోయి పోయి నీ గొంతే ముందు పోవాలా?

ఇదీ ఆ పది పాళ్ళ సంగతి. ఇప్పుడు నీ చివరి పేజీకి వస్తాను.

"పోస్టింగ్ వచ్చిందని కౌన్సెలింగ్ దగ్గర నుంచే మొదట నీకు ఫోన్ చేశాను. సరే సరే అని పెట్టేశావు. ఎన్నేళ్ళు చదివి తెచ్చుకున్నానో నీకు తెలియదా? ఇక్కడికొచ్చాక కూడా ఏం చెప్పినా సరే చూద్దాం అంటావు, ఫోన్ పెట్టేస్తావు. నేను ఇల్లు వదిలి రావడం నీకు ఇష్టం లేదని అర్థమైంది. రాజీనామా రాసిపెట్టుకున్నాను, ఈ నెలాఖరుకు ఎంఈఓ గారికి ఇచ్చి వచ్చేస్తాను" అని రాశావు.

ఆ రోజు నాకు నీ ఒక్క మాటా వినబడలేదు. బుర్రుమని గాలి శబ్దం, మధ్యలో నువ్వు నవ్వుతున్నావో ఏడుస్తున్నావో తెలియని గొంతు. మళ్ళీ చెప్పమంటే చెవుడని బయటపడుతుందని సరే అన్నాను. సాయంత్రం శిరీష స్వీట్ డబ్బాతో వస్తే గానీ నీకు ఉద్యోగం వచ్చిందని తెలియదు. ముందే తెలిసినట్టు నటించాను. నువ్వు ఇంటికొచ్చాక నా మొహంలోకి చూశావు. తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయావు. మూడేళ్ళుగా చెవి మందగిస్తోందని నాకు లోపల తెలుసు. ఒప్పుకుంటే మెకానిక్‌గా నా పరువు పోతుందని భయం. నీకు చెబితే పుస్తకాలు మూసేసి నా పక్కన కూర్చుంటావని ఇంకో భయం. నీ జీవితంలో అంత పెద్ద రోజును నేను సరే అని చెడగొట్టాను. నన్ను క్షమించు. ఎన్నిసార్లు అడిగినా తప్పులేదు, క్షమించు.

ఇష్టం లేకపోవడమా? నీకు ఉద్యోగం వచ్చిందని ఈ వీధిలో కూరగాయల బండి వాడికి కూడా చెప్పుకున్నవాణ్ణి నేను.

రాజీనామా చించెయ్. నాకు చెవుడని జాలిపడి కూడా ఇవ్వొద్దు. మొన్న డాక్టరమ్మ దగ్గర నుంచి వస్తూ శిరీష నాకో సంగతి చెప్పింది. పైన నువ్వు ట్యూషన్ చెబుతుంటే, కింద నేను బండి రెయిజ్ చేసినప్పుడల్లా వాక్యం మధ్యలోనే ఆగేదానివట. సుద్దముక్క పట్టుకుని, మోత తగ్గేదాకా పిల్లల వైపు చూస్తూ నిలబడి, తగ్గాక ఎక్కడ ఆపావో అక్కడి నుంచే మొదలుపెట్టేదానివట. పదహారేళ్ళు. ఒక్కనాడైనా కిందికొచ్చి ఆపమనలేదు. "ఆయన పని ఆయన్ను చేసుకోనీ" అని పిల్లలకు చెప్పేదానివట. ఆ మాట విని బస్సులో నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పక్కనాయన చూసి లేచి నాకు కిటికీ వైపు సీటిచ్చాడు.

అటువంటి నిన్ను మళ్ళీ ఈ షాపు పైకి ఎట్లా రమ్మంటాను? నాకు తోడు కావాలనిపిస్తే బస్సెక్కి నేనే వస్తాను. మిషన్ వచ్చే శనివారం ఇస్తారు. మంగళవారం పొద్దున మొదటి బస్సుకు బయలుదేరి నేరుగా స్కూలుకే వస్తాను. హెడ్‌మాస్టరు గారిని అడిగి, నీ తరగతిలో చివరి బెంచీ మీద నాకింత చోటు ఇప్పించు. ఇరవై ఏళ్ళలో నువ్వు పాఠం చెబుతుంటే నేను ఒక్కసారీ వినలేదు. ఏ పాఠమైనా సరే, ఎక్కడా ఆగకుండా మొదటి నుంచి చివరి దాకా చెప్పు. నేను వింటాను.

ఇట్లు,
శిరీష వాళ్ళ నాయన,
నీకు మాత్రం వట్టి సుంకన్న