మాటల్లేని సినిమా

చెల్లెలు రెడ్డెమ్మకు కువైట్ సాల్మియా నుంచి అక్క వెంకటేశ్వరి దీవెనలు. నీకు చెవులు వినపడవు, ఫోన్లో చెప్పలేను, అందుకే ఈ కార్డు.

శుక్రవారం మా యజమానురాలు, ఇక్కడ ఆమెను మామా అంటాం, తన పిల్లలతో పాటు నన్నూ షర్క్ అనే పేటలో ఒక హాలుకు తీసుకుపోయింది. వందేళ్ల నాటి మూకీ సినిమా వేశారు. ఒక్క మాట లేకున్నా కథంతా అర్థమైంది. టోపీ గాలికి ఎగిరిపోతే దాని వెంట పడి ఒక ముసలాయన ఎవరి పెళ్లిలోకో దూరాడు. అందరూ పడీపడీ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మామా అడిగితే తలనొప్పి అన్నాను.

చిన్నప్పుడు రాయచోటికి సినిమాకు పోతూ నిన్ను ఇంట్లో వదిలేశాం కదా. నాయన వద్దన్నాడని ఇన్నేళ్లూ అనుకున్నావు. “దానికేమి ఇనపడతాదని నాయనా, టికెట్ దండగ” అన్నది నేను. “పాపం, రానీలేమ్మా” అని ఆయన రెండుసార్లు అన్నాడు. నీకు తెలియదని ఊరుకున్నాను.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? గేదె ఈనిందా? సెలవుకు ఊరికొచ్చిన మునీంద్ర చిన్నాయన ఇక్కడికి తిరిగొచ్చేటప్పుడు శనక్కాయల పొడి ఇచ్చి పంపు.

నెలాఖరుకు నాయన సంవత్సరీకం. ఇన్నేళ్లూ ఆయన మీద పెట్టుకున్న ఆ కోపం ఇక నా మీద పెట్టుకో. ఈసారి ఆయన పటం ముందు నువ్వే దీపం పెట్టు.

అమ్మకు దండాలు. చల్లగా ఉండు.

నీ అక్క